అమ్మానాన్నలను ఓటీపీ అడగకండి

నవంబరు వచ్చింది. రైల్వేలోనో, తపాలా శాఖలోనో, సైన్యంలోనో పనిచేసి రిటైరైన మన పెద్దలు పెన్షన్ కోసం బతికే ఉన్నామని ఏటా రుజువు చూపించుకోవాల్సిన నెల ఇది. ఒకప్పుడు బ్యాంకు మెట్లెక్కి వరుసలో నిలబడాల్సి వచ్చేది. 2014లో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చాక వేలిముద్ర సరిపోయింది. 2021 నుంచి ఫోన్ ముందు ముఖం చూపిస్తే చాలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇదెంత మేలో చెప్పక్కర్లేదు.

ఆ పని చాలా ఇళ్లలో మనమే ఇక్కడ అమెరికా నుంచి చేయిస్తున్నాం. ఇంటి పన్ను, పాసుపుస్తకం, గ్యాసు, బ్యాంకు అన్నీ అంతే. "నాన్నా, ఇప్పుడో మెసేజ్ వచ్చుంటుంది, అందులో ఆరంకెలు చదువు." ఏళ్ల తరబడి మన గొంతు విని చదివి చదివి ఆయనకు అదే అలవాటైంది. "పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ పత్రం ఆగిపోయింది, ఓటీపీ చెప్పండి" అని రేపు మరో గొంతు అడిగితే, మనం నేర్పిందే ఆయన చేస్తారు. పెద్దలకు టెక్నాలజీ తెలియదని తప్పు వాళ్లమీదకు నెట్టడం అన్యాయం.

అందుకే ఇంట్లో ఒక కట్టుబాటు పెట్టుకుందాం. ఫోన్లో ఓటీపీ కన్నబిడ్డ అడిగినా చెప్పకూడదు. అంకెలు వాళ్లే నొక్కాలి, మనం లైన్లో ఉండి మాట సాయం చేయాలి. ఆలస్యమవుతుంది, కానివ్వండి. స్క్రీన్ షేరింగ్ అలవాటూ చేయొద్దు, మోసగాళ్లు అడిగేదీ అదే. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును, దానిపేరు పీఎం కిసాన్ అయినా, ట్రాఫిక్ చలానా అయినా, తెరవొద్దని గట్టిగా చెప్పండి.

ఓటీపీ అక్కర్లేని దొంగతనమూ ఉంది. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తీసి, ఆధార్ చెల్లింపుల ద్వారా ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలను హైదరాబాదు ప్రాంతంలో పోలీసులు పట్టుకున్నారు. ఊళ్లో పొలమో స్థలమో అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు మన కుటుంబాల్లో ఎందరో! దీనికి విరుగుడుగా ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ ఉచితం. లాక్ చేశాక వేలిముద్ర, కనుపాప, ముఖం ఏదీ పనిచేయదు. కనుక జీవన్ ప్రమాణ్‌కో, రేషనుకో వెళ్లేముందు కాసేపు తెరిచి, పనయ్యాక మళ్లీ మూయాలి. ఈ తెరిచి మూయడం పెద్దలకు చేతకాకపోతే, ఊళ్లో నమ్మకస్తుడైన దగ్గరి చుట్టాన్ని తోడు పెట్టండి.

ఇక పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించే డిజిటల్ అరెస్టు. భారత చట్టంలో అలాంటిది లేనే లేదు. వీడియో కాల్‌లో ఖాకీ చొక్కా కనిపించినా ఫోన్ పెట్టేయొచ్చని, పెట్టేయడం నేరం కాదని అమ్మకు విడిగా, నాన్నకు విడిగా చెప్పండి. భయంతో నోరు మెదపనివాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. డబ్బు పోయిన మరుక్షణం 1930కి ఫోన్ చేయాలి. మనకు అమెరికాలో తెల్లారేదాకా ఆగితే ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది. ఆ నంబరు పెద్దక్షరాలతో రాసి ఇంట్లో ఫోన్ పక్కన అంటించమని ఈ వారమే చెప్పండి.