మనకు ఆకులు కట్టిందెవరు?

ఆగస్టు 9 వస్తే మన ఆశ్రమ పాఠశాలల్లో ఒక తంతు నడుస్తుంది. పిల్లల నడుముకు వేపమండలు చుడతారు. ముఖానికి సున్నం బొట్లు పెడతారు. నెత్తిన కోడి ఈక గుచ్చి, చేతికి అట్టముక్కతో చేసిన ఈటె ఇస్తారు. స్టేజీ మీద 'హుయ్ హుయ్' అంటూ గంతులు వేయిస్తారు. ముందు కుర్చీల్లో కూర్చున్న సార్లు చప్పట్లు కొడతారు. ఆ వేషం ఏ గూడెం నుంచీ రాలేదు, సినిమా నుంచి వచ్చింది. పిల్లల ఒంటికి దాన్ని కట్టేది మాత్రం మనమే, టీచర్లమే.

మనకు ఈకలు లేవని కాదు. కొమ్ము నాట్యంలో దున్నకొమ్ముల తలపాగాకు నెమలి ఈకలు ఉంటాయి. దానికొక వేళ ఉంది, డోలు ఉంది, అడుగు ఉంది, నేర్పే పెద్దలున్నారు. సినిమా వేషానికి అవేవీ అక్కర్లేదు. నాలుగు ఆకులుంటే చాలు, కోయ అయినా కొండరెడ్డి అయినా ఆఫ్రికా అయినా ఒకటే.

నా దగ్గర ఒక రేకుపెట్టె నిండా పాత సినిమాల డిస్కులున్నాయి. మోజర్ బేర్ వాళ్ళు చవగ్గా అమ్మిన రోజుల్లో ఖమ్మంలో కొన్నవే ఎక్కువ. ఈ ఎండాకాలం వాటిలో అడవి ఉన్నవన్నీ వేరుచేసి మళ్ళీ చూశాను.

మొదట 'అడవి రాముడు' పెట్టాను. 1977లో ఏడాది ఆడిన సినిమా. ముదుమలై అడవిలో తీశారు, చూడటానికి ఎంతో బాగుంటుంది. గూడెం వాళ్ళను దుర్మార్గులు దోచుకుంటుంటే రాము వచ్చి కాపాడతాడు. చివరికి తేలేదేమిటంటే, రాము మారువేషంలో ఉన్న అటవీ అధికారి! నేను ఒక్కడినే పకపకా నవ్వాను. పోడు చేలల్లో కందకాలు తవ్వించి, మొలిచిన జొన్న మీద మొక్కలు నాటించిన శాఖను మనం చూశాం. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక కూడా పట్టా కోసం తిరిగి తిరిగి చెప్పులు అరిగిన వాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు. ఆ శాఖ మనిషే దేవుడై దిగుతాడన్న కథను మన తాతలు నేల టికెట్టు కొని మరీ చూశారు.

'అల్లూరి సీతారామరాజు' 1974లో వచ్చింది, కృష్ణ నూరో సినిమా. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. నాకూ ఇష్టమే. అందులో గంటందొర, మల్లుదొర పేర్లున్నాయి, అది చాలా సినిమాల కన్నా నయం. కానీ తిరుగుబాటు అనేది బయటి నుంచి ఒక మహానుభావుడు తెచ్చి ఇస్తే తప్ప అడవికి చేతకానిదన్నట్టు కథ నడుస్తుంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడ్డవాళ్ళకు రాజు రాకముందే సొంత కోపాలున్నాయి: పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనిలో ఎగ్గొట్టిన కూలి, గంటందొర నుంచి లాక్కున్న మునసబీ. సినిమా రాజు మరణంతో ముగుస్తుంది. మే నెలలో రాజును చంపాక కూడా గంటందొర పోరాడాడు, 1924 జూన్‌లో ప్రాణం విడిచాడు. మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి ఎన్నికై మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. అంతకు ముందు, 1879లో లేచిన రంప తిరుగుబాటు మన భద్రాచలం తాలూకా దాకా పాకింది. దాన్ని నడిపిన తమ్మన్నదొర సినిమా నా పెట్టెలో లేదు.

మన ఇంటి ముంగిట్లో జరిగే కథ 'శ్రీరామదాసు'. 1964లో నాగయ్య గారు 'రామదాసు' తీశారు, 2006లో రాఘవేంద్రరావు, నాగార్జునతో మళ్ళీ వచ్చింది. కొత్తదాంట్లో పోకల దమ్మక్కగా సుజాత కనిపిస్తుంది. విగ్రహాలు మొదట దొరికింది ఆమెకే. పందిరి వేసింది ఆమె, తాటిపండు నైవేద్యం పెట్టింది ఆమె. గుడి లేనప్పుడే కొలిచిన మనిషి. ఇంత చేసిన మనిషికి సినిమా ఇచ్చిన పని చేతులు జోడించి నిలబడటం. తహసీల్దారు గోపన్న రాగానే కథ ఆయనది అయిపోతుంది, ఆమె పక్కకు జరుగుతుంది.

ఇంకో మాట. గోపన్న గుడి కట్టింది పాల్వంచ పరగణా శిస్తుతో. ఆరు లక్షల వరహాలు అంటారు. ఆ డబ్బు తానీషాకు చేరలేదని గోపన్నను గోల్కొండ జైల్లో వేశారు. రామోజీ, లక్ష్మోజీ రూపాల్లో దేవుళ్ళే వచ్చి బాకీ తీర్చారు. సినిమాలో మనం కన్నీళ్ళు పెట్టుకునే చోటు అదే. ఇంతకీ ఆ శిస్తు కట్టిందెవరు? పరగణాలో చెమటోడ్చిన వాళ్ళు. నవాబు డబ్బు నవాబుకు ముట్టింది, భక్తుడికి కీర్తి దక్కింది. చేను దున్ని శిస్తు కట్టినవాడి ముఖం రెండున్నర గంటల సినిమాలో కథకు అవసరం కాలేదు. ఇది భక్తి మీద ఫిర్యాదు కాదు. మన తల్లులూ నవమికి వెళ్తారు, తలంబ్రాలు తెచ్చుకుంటారు. లెక్కల పుస్తకంలో మన పేజీ ఎక్కడుందని అడుగుతున్నాను, అంతే.

అదే 2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చింది. రాజమండ్రి నుంచి భద్రాచలానికి లాంచీ, పాపికొండలు, చల్లటి గాలి. మంచి మనసుతో తీసిన సినిమా, కుళ్ళు జోకులు లేవు. అయితే లాంచీలో నుంచి చూస్తే ఒడ్డు అందమైన బొమ్మ. ఆ ఒడ్డు మీద ఉన్నవి కోయ, కొండరెడ్డి ఊళ్ళు. పోలవరానికి 2004లోనే శంకుస్థాపన జరిగింది. 2014లో కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు మండలాలు అటు వెళ్ళిపోయాయి. మునగబోయే ఊళ్ళ పక్క నుంచి అంత హాయిగా సాగిన ప్రయాణంలో ప్రధాన పాత్రలెవరూ ఆ ఊళ్ళవాళ్ళు కాదు.

ఈ మాటలంటే మన స్టాఫ్ రూముల్లోనే జవాబు వస్తుంది: "అప్పటి కాలం అలాంటిది సార్". ఏ కాలం? 1970లో 1/70 చట్టం వచ్చింది. శ్రీకాకుళం కొండల్లో గిరిజనులు లేచిన వార్తలు 'అల్లూరి' నాటికి పేపర్లలో పాతబడ్డాయి కూడా. తెలియక కాదు, అక్కర్లేక. అల్లాణి శ్రీధర్ 1990లోనే 'కొమరం భీమ్' తీశారు. అది థియేటర్లకు వచ్చింది 2010లో. ఆదివాసీ తానే నాయకుడైన సినిమాకు ఇరవై ఏళ్ళ నిరీక్షణ!

డిస్కుల కాలం పోయాక, 2022లో, 'ఆర్ఆర్ఆర్' అదే భీమ్‌ను ప్రపంచమంతా తిప్పింది. అందులో చివరికి ఆయన రామరాజును అడిగేది చదువు. జల్, జంగల్, జమీన్ అనే మాటలు రామరాజు చేత్తో రాయబడతాయి. నైజాం మీద ఆ నినాదంతో పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చిన మనిషికి, ఆయన మాటనే ఇంకొకరు రాసి ఇచ్చారు.

ఇది వట్టి సినిమా గొడవ అనుకునేవాళ్ళకు జీవో 3 గుర్తుచేస్తాను. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ రోజు మైదానంలో చాలామందికి అది సహజంగానే తోచింది. తోచదా మరి? అడవికి అక్షరం ఎప్పుడూ బయటివాడే తెస్తాడని యాభై ఏళ్ళుగా తెర మీద చూస్తున్నారు. కోయ భాషలో ఒకటో తరగతి పిల్లకు పాఠం చెప్పగల టీచరు ఆ కథల్లో ఎక్కడా లేదు.

డిస్కులు తగలబెట్టమనను. ఎనిమిది, తొమ్మిది తరగతులకు 'శ్రీరామదాసు' చూపించండి. శిస్తు మాట వచ్చినచోట పాజ్ నొక్కి, ఇది ఎవరిదో కోయలో అడగండి. పిల్లలు ఏం చెబుతారో వినండి, మీరు చెప్పకండి. కాలేజీ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ చేతుల్లో ఫోన్లున్నాయి. దమ్మక్క కథను మీ ఊళ్ళో ముసలమ్మలు ఎలా చెబుతారో, ఆమె తర్వాత ఏమైందంటారో వాళ్ళ గొంతుతోనే రికార్డు చేయండి. ఒక్కో ఊరిది ఒక్కో తీరుగా ఉంటే అలాగే ఉండనివ్వండి. రాసినవి తర్వాతి సంకలనానికి పంపండి.