లాగ్‌లో రాయాల్సిందేమిటి, రాయకూడనిదేమిటి?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు నగరంలో, సెక్టర్ 4 వంటి ఉద్యోగుల నివాస ప్రాంతాల వారికి షిఫ్టు లాగ్‌బుక్ గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. ముందు షిఫ్టు వారు రాసిపెట్టిన వివరాలే తరువాతి షిఫ్టుకు ఆధారం. సాఫ్ట్‌వేర్‌లో ‘లాగ్’ చేసే పనీ ఇదే. అయితే పుస్తకంలో మనిషి ఆలోచించి రాస్తాడు. ప్రోగ్రాం మాత్రం తనకు అందినదంతా రాసేస్తుంది. ముప్పు అక్కడే మొదలవుతుంది.

2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల మంది వినియోగదారులను పాస్‌వర్డ్‌లు మార్చుకోవాలని సూచించింది. పాస్‌వర్డ్‌లను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చకముందే అవి అంతర్గత లాగ్‌లో నమోదు కావడమే ఇందుకు కారణం. 2021 డిసెంబరులో బయటపడిన ‘లాగ్4షెల్’ మరింత తీవ్రమైనది. బయటి వ్యక్తి పంపిన వాక్యాన్ని లాగ్4జె లైబ్రరీ కేవలం నమోదు చేయకుండా, అందులోని సంకేతాన్ని ఆదేశంగా స్వీకరించేది. ఫలితంగా దాడిచేసేవారి కోడ్ సర్వర్‌లో నడిచేది. ఆ లోపానికి తీవ్రత సూచీలో పదికి పది వచ్చాయి.

భారత్‌లో ఈ అంశానికి చట్టపరమైన ప్రాధాన్యమూ ఉంది. సంస్థలు లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. మరోవైపు, వ్యక్తిగత సమాచార రక్షణలో విఫలమైతే రూ.250 కోట్ల వరకు జరిమానా విధించే వీలును 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కల్పించింది. అంటే, లాగ్‌లోకి పొరపాటున చేరిన ఆధార్ సంఖ్యో, ఓటీపీయో నెలల తరబడి అక్కడే ఉండిపోతుంది. భద్రపరచాలన్న నిబంధనే బాధ్యతను పెంచుతోంది.

పరిష్కారం లాగ్‌లను తగ్గించడం కాదు. అవి లేకుంటే దాడి ఆనవాళ్లే దొరకవు. సమయం, ఘటన, ఫలితం, లావాదేవీ గుర్తింపు సంఖ్య నమోదు కావాలి. పాస్‌వర్డ్, కార్డు వివరాలు అసలు చేరకూడదు. బయటినుంచి వచ్చిన పాఠాన్ని సందేశంలో కలిపేయకుండా విడి విలువగా ఇవ్వాలి. దొంగ నమోదులు సృష్టించే కొత్త వరుస గుర్తులను తొలగించాలి. లాగ్ రాయడం విఫలమైనా అసలు సేవ ఆగకూడదు.

ఈ జాగ్రత్తలు ప్రమాదం తరువాత జరిపే విచారణలో కాదు, కోడ్‌ను సమీక్షించే దశలోనే కనిపించాలి.