జ్వరానికి సూది - చెవికి చేటు

అనకాపల్లి: సూది వేస్తేనే గాని జ్వరం తగ్గదన్న నమ్మకం పల్లెల్లో ఇంకా గట్టిగానే ఉన్నది. మాత్రలు రాసిచ్చే డాక్టరు కంటే సూది పొడిచే ఆర్.ఎం.పి.కే పలుకుబడి ఎక్కువ. అయితే సిరంజిలో ఏ మందు ఎక్కించారో అడిగేవారు అరుదు. అది జెంటామైసిన్ గాని, అమికాసిన్ గాని అయిన పక్షంలో జీవితాంతం చెవుడు మిగిలే ప్రమాదమున్నది.

స్ట్రెప్టోమైసిన్, కానమైసిన్, నియోమైసిన్ కూడా ఈ కుటుంబంలోనివే. వైద్యులు వీటిని అమినోగ్లైకోసైడ్లు అంటారు. పేరు చివర 'మైసిన్' ఉన్నదల్లా ఈ కోవలోనిది కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో తయారై 1948లో అమెరికాలో వెలువడిన ఆరియోమైసిన్ వేరే జాతి మందు.

ఈ దోషం నిన్న మొన్న బయటపడింది కాదు. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో అమెరికాలో కనుగొన్నారు. అంతవరకు క్షయను తగ్గించే మందే లేదు. రోగులకు ఇచ్చిన తొలి సంవత్సరాల్లోనే కొందరికి తల తిరగడం, నడక తడబడడం వైద్యులు గమనించారు. ఆ మందును కొంత మార్చి డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్ తయారు చేస్తే తూలుడు తగ్గింది గాని, ఏకంగా వినికిడే పోసాగింది. ప్రాణం దక్కితే చాలునన్నారు. వేరే దారి లేని ఆ రోజుల్లో అది న్యాయమే. దారులు దొరికిన తర్వాత కూడా అదే మాట చెప్పడం న్యాయం కాదు.

క్షయ చికిత్సలో ఆ దారి దొరికింది. తిరగబెట్టిన క్షయకు మన దేశంలో రెండు నెలల పాటు స్ట్రెప్టోమైసిన్ సూదులు వేసేవారు. మందులకు లొంగని క్షయకైతే కానమైసిన్ ఆరు నెలలు, అంతకు మించి కూడా వేసేవారు. మొదటి పద్ధతిని ఇక వాడవద్దని 2017లోను, కానమైసిన్‌ను మానమని 2018లోను ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. బెడాక్విలిన్ వంటి మాత్రలు వచ్చాయి. మొండి క్షయకు ఆరు నెలల మాత్రల చికిత్సను కేంద్ర ఆరోగ్య శాఖ 2024లో ఆమోదించింది. కనుక చెవుడు వస్తుందని జడిసి క్షయ మందు మధ్యలో మానేసేవారు వట్టి అపోహతో ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నట్లే.

చెవిలో జరిగేదేమిటి?

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఒక భాగమున్నది. శబ్దాన్ని పట్టే వెంట్రుక కణాలు అందులో ఉంటాయి. ఒక్కొక్క చెవికి ఇవి సుమారు 15 వేలు. మందు ఆ కణాల్లోకి చొరబడి వాటిని చంపుతుంది. చెరకు నరికితే మోడు నుంచి పిలక లేస్తుంది. ఈ కణం చచ్చిందంటే మళ్లీ మొలవదు.

మొదట పోయేది సన్నని శబ్దం. పిట్ట కూత, సైకిలు గంట వంటివి అందవు. మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. అందువల్ల రోగికి గాని, ఇంట్లో వారికి గాని అనుమానం రాదు. మాటలు కూడా అందనప్పటికి నష్టం చాలా దూరం పోయి ఉంటుంది. పైగా లోపలి చెవిలో చేరిన మందు త్వరగా వదలదు. సూదులు ఆపిన తర్వాత కొన్ని వారాలకు వినికిడి తగ్గినవారు కూడా ఉన్నారు. చెవుల్లో గుయ్యిమనే హోరు, చెవి దిబ్బడ, చీకట్లో పొలం గట్టు మీద నడుస్తుంటే తూలడం - వీటిలో ఏది కనిపించినా మరో సూది పడకముందే డాక్టరుకు చెప్పాలి. నీరసమని ఊరుకోరాదు.

ఎవరికి ఎక్కువ ముప్పు?

ఈ మందు శరీరం నుంచి బయటికి పోయేది మూత్రపిండాల ద్వారానే. ఉద్దానం మూత్రపిండాల వ్యాధి గురించి ఉత్తరాంధ్రలో వినని వారుండరు. అటువంటి జబ్బున్న వారిలో మందు రక్తంలో పేరుకుపోతుంది. అందుకే ముందుగా క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. ఒళ్లు వాపుకు లాసిక్స్ వాడుతున్నవారు ఆ సంగతి దాచరాదు. గర్భిణికి స్ట్రెప్టోమైసిన్ ఇస్తే కడుపులోని బిడ్డ చెవికే ఎసరు. గానుగ ఇంజను పక్కన పగలంతా పనిచేసేవారికి మోతకు మందు తోడై హాని రెట్టిస్తుంది. సూదులు నడిచినన్నాళ్లు ఆ పని మానడం మంచిది.

కొన్ని కుటుంబాల్లో ఒకటి రెండు సూదులకే చెవుడు వస్తుంది. ఇది తల్లి నుంచి పిల్లలకు వచ్చే లక్షణం. 1993లో దీని మూలాన్ని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. అమ్మమ్మకో, మేనమామకో, పిన్నికో సూది వేసిన తర్వాత చెవుడు వచ్చిందని ఇంట్లో చెప్పుకొంటుంటే దానిని విధిరాతగా కొట్టిపారేయక డాక్టరు చెవిన వేయాలి. మేనమామకు ఉన్నా అతని పిల్లలకు ఈ దోషం అతని నుంచి రాదు. అక్కచెల్లెళ్ల పిల్లలకు మాత్రం వారి తల్లుల నుంచి వస్తుంది.

అలాగని ఈ మందులు పూర్తిగా పనికిరానివి కావు. రక్తానికి చీము పట్టిన పసికందుకు జెంటామైసిన్ ప్రాణదాత. బిడ్డ బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, కొద్ది రోజులతో ముగిస్తే ప్రమాదం తక్కువ. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక బిడ్డకు వినికిడి పరీక్ష తప్పక చేయించాలి. ఆక్షేపించవలసింది జలుబు జ్వరాలకు, ఏ పరీక్షా లేకుండా ఈ సూదులు పొడవడాన్నే.

చికిత్స ఎక్కువ రోజులు సాగేటట్లయితే మొదలుపెట్టే ముందు ఒకసారి, నడుమ మళ్లీ మళ్లీ ఆడియోమీటరుతో చెవి పరీక్ష జరగాలి. చిక్కంతా ఇక్కడే ఉన్నది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సూది దొరుకుతుంది గాని ఆ యంత్రం సాధారణంగా ఉండదు. మాడుగుల, నర్సీపట్నం వైపు నుంచి విశాఖపట్నంలోని కె.జి. ఆసుపత్రికో, ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆసుపత్రికో వెళ్లాలంటే కూలివానికి ఒక రోజు గండి. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా ఏర్పడింది. సూదితోపాటు చెవి పరీక్ష కూడా జిల్లాలోనే, ఊరికి దగ్గరలో దొరికేటట్లు చూడడం అధికారుల పని.

చెవిలో వేసే చుక్కల విషయంలోనూ జాగ్రత్త అవసరం. చీము కారుతున్న చెవికి కర్ణభేరి చిల్లు పడి ఉండవచ్చు. జెంటామైసిన్, నియోమైసిన్ కలిసిన చుక్కలు ఆ చిల్లు గుండా లోపలికి దిగుతాయి. డాక్టరు చెవిలోకి చూడకుండా, పక్కింటి వారి సీసా తెచ్చి పోయరాదు.