ఆ సున్నా ఎక్కణ్ణుంచి వచ్చింది?

దసరాకి ఆసిఫాబాద్ వెళ్లా. పండగంతా లాప్‌టాప్ ముందే గడిచిపోయింది. మా ప్రాజెక్టులో ఓ స్టోర్డ్ ప్రొసీజర్ కొన్ని ఖాతాల్లో అసలు మొత్తానికి బదులు సున్నా రాసేస్తోంది. మా సీనియర్ గారు ఫోన్లో ఇచ్చిన సలహా ఒక్కటే: "నాలుగు చోట్ల డీబీఎంఎస్ అవుట్‌పుట్ పెట్టి చూడవయ్యా, అదే దొరుకుతుంది." నాలుగు కాస్తా నలభై అయ్యాయి. మూడో రోజు మా బాపు వచ్చి, "ఏందిరా, ఒక్క సున్నా కోసం మూడు దినాల సంది కూసున్నవా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి విసుగొచ్చి, టెస్ట్ డేటాబేస్‌లో అదే ప్రొసీజర్‌ని ఎస్‌క్యూఎల్ డెవలపర్‌లో తెరిచా. డీబగ్ కోసం కంపైల్ చేసి, బ్రేక్‌పాయింట్ పెట్టి, ఒక్కో లైనూ నడిపించా. ఇరవై నిమిషాల్లో దొరికింది. ఒక టేబుల్లో ఆ ఖాతాకి రో లేదు. అక్కడ వచ్చిన ఎర్రర్‌ని ఎవరో మహానుభావుడు రాసిన 'వెన్ అదర్స్ దెన్ నల్' మింగేసింది. వేరియబుల్ నల్‌గానే ఉండిపోయింది. వంద లైన్ల కింద ఇంకో మహానుభావుడి ఎన్‌వీఎల్ దాన్ని పద్ధతిగా సున్నా చేసి టేబుల్‌కి ఎక్కించింది. 'తెలియదు' అనే విలువ 'ఏమీ రాదు'గా మారిపోయింది!

మరి నలభై ప్రింట్లు ఎందుకు పట్టుకోలేదు? నాకు అనుమానం ఉన్న చోటే కదా నేను ప్రింట్ పెడతా! తప్పేమో నాకు అనుమానం లేని చోట ఉంది. పైగా ఆ అవుట్‌పుట్ ప్రొసీజర్ మొత్తం అయిపోయాక గానీ కనపడదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు వెతుకుతూ, దానికి 'అనుభవం' అని పేరు పెట్టుకుంటున్నాం.

జావా కుర్రాడికి ఎక్లిప్స్‌లో బ్రేక్‌పాయింట్ పెట్టడం రాకపోతే ఇంటర్వ్యూ నుంచే ఇంటికి పంపిస్తాం. డబ్బు లెక్కలన్నీ చేసే రెండు వేల లైన్ల ప్రొసీజర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం నోట్‌ప్యాడ్, ప్రింట్, దేవుడి దయ. ఇది కోడ్ కాదా?

"డీబగ్గర్ ప్రొడక్షన్‌లో ప్రమాదం, బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగితే లాకులు అలాగే ఉండిపోతాయి" అంటారు. నిజమే. ప్రొడక్షన్‌లో పెట్టమని ఎవరన్నారు? టెస్ట్ డేటాబేస్ ఎందుకున్నట్టు? "లైసెన్సుకి డబ్బులెక్కడివి" అంటారు. ఎస్‌క్యూఎల్ డెవలపర్ 2006 నుంచీ ఉచితం. "డీబీఏ పర్మిషన్ ఇవ్వడు" అంటారు. డెవలప్‌మెంట్ డేటాబేస్‌లో డీబగ్ కనెక్ట్ సెషన్ ఇవ్వడానికి అంత భయమెందుకో ఆ డీబీఏ గారే చెప్పాలి.

తప్పంతా మనదే కాదు. మైక్రోసాఫ్ట్ చేసిన పని చూడండి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2000 క్వెరీ ఎనలైజర్‌లో డీబగ్గర్ ఉండేది. 2005 మేనేజ్‌మెంట్ స్టూడియోలో పీకేశారు. 2008లో మళ్లీ పెట్టారు. 2019లో వచ్చిన 18వ వెర్షన్‌లో మళ్లీ తీసేసి, కావాలంటే విజువల్ స్టూడియోకి వెళ్లమన్నారు. ఇక పోస్ట్‌గ్రెస్‌లో అయితే విడిగా ఎక్స్‌టెన్షన్ వేస్తేగానీ పీజీఅడ్మిన్‌లో డీబగ్గర్ పనిచేయదు. రాసే చోటే నడిపి చూసే వీలు లేకపోతే ఎవరూ చూడరు, అంతే.

సున్నా అంటే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. 2019 ఏప్రిల్లో ఇంటర్ ఫలితాలు. మా పాత ఆదిలాబాద్ జిల్లాలోని జన్నారంలో, ఫస్టియర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న అమ్మాయికి సెకండియర్ తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే 99! ఆ సున్నా సాఫ్ట్‌వేర్ పుట్టించింది కాదు. దిద్దిన చోట 99కి బదులు 00 బబుల్ చేశారు. ఏ డీబగ్గరూ ఆ బబుల్‌ని సరిచేయలేదు, ఒప్పుకుంటా. కానీ ఆ అంకె ఒక డేటాబేస్‌లోకి వచ్చింది, పోయినేడాది మార్కులూ రికార్డుల్లో ఉన్నాయి, అయినా మధ్యలో ఎక్కడా ఎవరూ "ఆగు, ఈ సున్నా ఏంటి?" అనలేదు. ఆ ఫలితాల్లో సాఫ్ట్‌వేర్ లోపాలు కూడా ఉన్నాయని ప్రభుత్వం వేసిన ముగ్గురు సభ్యుల కమిటీ చెప్పింది. ఫెయిలైన వాళ్ల పేపర్లు మళ్లీ చూస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈలోపు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని పేపర్లలో చదివాం.

మనం రాసే ప్రొసీజర్ అవతల ఒక మనిషి ఉంటాడు. లైను లైనూ నడిపించి చూసినవాడికి అంకెలు కళ్ల ముందు కదులుతాయి. నల్ సున్నాగా మారే క్షణం కనపడుతుంది. అప్పుడే "ఇక్కడ ఆపి ఎర్రర్ ఇవ్వాలి" అన్న ఆలోచన వస్తుంది. ప్రింట్లు చూసుకునేవాడికి కనపడేది చివర్లో 'సక్సెస్‌ఫుల్లీ కంప్లీటెడ్' మాత్రమే.

అందుకే నా మాట ఇది: డీబగ్గర్‌లో ఒక్కసారైనా మొదట్నుంచి చివరిదాకా నడిపించని ప్రొసీజర్‌ని రివ్యూలో పాస్ చేయొద్దు. తిట్టేవాళ్లు తిట్టండి. కానీ ముందు మీ ప్రాజెక్టులో 'వెన్ అదర్స్ దెన్ నల్' ఎన్నిచోట్ల ఉందో వెతికి రండి. వార్నింగులు ఆన్ చేస్తే ఒరాకిల్ 11జీ నుంచీ కంపైలరే చూపిస్తుంది. ఆ లెక్క సున్నా వస్తే, అది మాత్రం మంచి సున్నాయే :)