పిట్టకు పెట్టే పప్పు



వేరుశనగ పప్పులంటే ఇష్టం లేనివారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉడకబెట్టిన కాయలు, వేయించిన పప్పులు, బెల్లంపాకంలో వేసిన ఉండలు, ఏ రూపంలో పెట్టినా మీరు కాదనరు. పక్షులు కూడా అంతే. పప్పు కనిపిస్తే అవి ఊరుకోవు. ఐతే పక్షికి పప్పు పెట్టటం మనం అనుకున్నంత తేలిక పని కాదు. అది ఎందుకో ఈ నెల తెలుసుకుందాం.

ఇంగ్లండులో చాలామంది తమ పెరటి తోటలలో పక్షులకోసం వేరుశనగ పప్పులు వేలాడదీస్తారు. అది చలిదేశం. అక్కడ వేరుశనగ పంటే లేదు. పప్పులను ఇతర దేశాలనుంచి ఓడలమీద తెప్పించుకుంటారు. అంత దూరంనుంచి తెప్పించి పిట్టలకు పెట్టటం దేనికని అడుగుతారేమో!

అక్కడ బ్లూటిట్ అనే బుల్లి పిట్ట ఉన్నది. నెత్తిమీద నీలపు టోపీ, పసుపుపచ్చని పొట్టతో చాలా ముద్దుగా ఉంటుంది. దాని బరువు సుమారు 11 గ్రాములు. మన పిచ్చుకలో దాదాపు సగమన్నమాట. డిసెంబరు నెలలో ఇంగ్లండులో రాత్రి సుమారు 16 గంటలు ఉంటుంది. బయట మంచు పడుతున్నా ఈ పిట్ట తన ఒంటిలోని వేడిని 40 డిగ్రీల దగ్గర నిలుపుకోవాలి. పొయ్యి మండటానికి కట్టెలు కావాలి కదా! పిట్ట ఒంటిలో వేడి పుట్టటానికి కొవ్వు కావాలి. పగలు తిన్న తిండితో పోగుచేసుకున్న కొవ్వంతా తెల్లవారేసరికి ఇంచుమించు ఐపోతుంది. మళ్ళీ తిండి దొరక్కపోతే దాని ప్రాణానికే ముప్పు.

వేరుశనగ పప్పులో దాదాపు సగం నూనె. నాలుగోవంతు మాంసకృత్తులు. అందుచేత చలికాలంలో నాలుగు పప్పులు ఆ పిట్టకు ఒక విందు.

ఇంత మేలు చేసే పప్పు విషం కాగలదా? కాగలదు. ఆ సంగతి లోకానికి తెలిసిన వైనం వినండి.

1960లో ఇంగ్లండులోని కోళ్ళ పెంపకపు దొడ్లలో టర్కీ కోడిపిల్లలు ఉన్నట్టుండి చచ్చిపోసాగాయి. నిన్నటిదాకా చురుకుగా తిరిగిన పిల్ల ఇవాళ మేత ముట్టదు. రెక్కలు వాలవేస్తుంది. కొద్ది రోజులలో చచ్చిపోతుంది. కొన్ని నెలలలోనే లక్షకు పైగా పిల్లలు చనిపోయాయి. అది అంటువ్యాధేమో అనుకున్నారు గాని, ఏ క్రిమీ దొరకలేదు. జబ్బేమిటో తెలియదు కనుక దానికి ‘టర్కీ ఎక్స్ వ్యాధి’ అని పేరు పెట్టారు. లెక్కలలో తెలియని సంఖ్యను ఎక్స్ అంటాం కదా, అలాగన్నమాట.

అప్పుడు శాస్త్రజ్ఞులు పోలీసు పత్తేదారులలాగా ఆరా తీయటం మొదలుపెట్టారు. జబ్బుపడిన కోళ్ళన్నీ ఏం తిన్నాయి? ఆ మేతలో ఏం కలిసింది? వెతగ్గా వెతగ్గా అందరి మేతలోనూ ఒకటే వస్తువు తేలింది. అది బ్రెజిల్ దేశంనుంచి వచ్చిన వేరుశనగ చెక్క. గానుగలో నూనె తీయగా మిగిలే చెక్కను పశువులకూ కోళ్ళకూ మేతగా వేస్తారని మీకు తెలుసు. ఆ చెక్కనుంచి తీసిన పదార్థాన్ని బాతుపిల్లలకు పెట్టి చూస్తే అవీ చచ్చిపోయాయి. చివరకు దొంగ దొరికాడు. వాడు వేరుశనగ కాదు, వేరుశనగకు పట్టిన బూజు!

ఆ బూజు పేరు ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్. అది పుట్టించే విషానికి, బూజు పేరులోని అక్షరాలే కూర్చి, అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది ముఖ్యంగా కాలేయాన్ని పాడుచేస్తుంది. పక్షులనే కాదు, పశువులనూ మనుషులనూ కూడా వదలదు. ఉడకబెట్టినా వేయించినా పూర్తిగా పోదు. బూజుపట్టిన చెక్క తిన్న ఆవు పాలలోకి కూడా ఆ విషం దిగుతుంది.

మరి బూజు వేరుశనగకే అంత సులభంగా ఎందుకు పడుతుంది? వేరుశనగ పూవు నేలపైన పూస్తుంది గాని, ఊడ నేలలోకి దిగిన తరవాతే కాయ అవుతుంది. ఈ బూజు ఉండేది కూడా ఆ మట్టిలోనే. పంట చివర వానలు లేక మొక్క వడలిపోయినా, పీకేటప్పుడు కాయ చితికినా, సరిగా ఎండకుండా గోతాలకెత్తినా బూజుకు పండగే. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, గలగల మంటేనే ఎండిందని మన రైతులు అంటారు. అందులో ఎంత శాస్త్రం ఉన్నదో చూశారా! హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ అనే పరిశోధన సంస్థలో కూడా ఈ బూజును అరికట్టే మార్గాలమీద శాస్త్రజ్ఞులు పనిచేస్తూ వచ్చారు.

ఇప్పుడు మన పిట్టల సంగతికి వద్దాం. పప్పులు పెట్టేవారు గుర్తుంచుకోవలసినవి ఇవి:

మొదటిది, బూజుపట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి, ముక్కవాసన వేసేవి పెట్టకూడదు. కంటికి బాగున్న పప్పులో కూడా విషం ఉండవచ్చు. అందుకనే ఇంగ్లండులో పేరున్న వర్తకులు పక్షుల పప్పులను పరీక్ష చేయించి అమ్ముతారు. మనం మనుషులు తినటానికి అమ్మే మంచి పప్పులే కొద్దికొద్దిగా వాడాలి.

రెండవది, ఉప్పు, కారం, పంచదార పట్టించిన పప్పులు వద్దు. మన నాలుకకు రుచిగా ఉండే ఉప్పు చిన్న పిట్ట మూత్రపిండాలకు మోయలేని బరువు.

మూడవది, పిట్టలు గూడుకట్టి పిల్లలను పెంచే కాలంలో పప్పులు విడిగా చల్లకూడదు. తల్లిపిట్ట మొత్తం పప్పును తీసుకుపోయి పిల్ల నోట పెడితే అది గొంతుకు అడ్డుపడి ఊపిరాడక పోవచ్చు. అందుకని సుమారు 6 మిల్లీమీటర్ల కన్నాలున్న తీగ బుట్టలో పప్పులు పోసి కడతారు. పిట్ట బయటనుంచి పొడిచి పొడిచి చిన్న చిన్న ముక్కలే తీసుకోగలుగుతుంది. బుట్ట లేకపోతే పప్పులను మెత్తగా దంచి పెట్టవచ్చు.

నాలుగవది, శుభ్రం. 2005లో ఇంగ్లండులో గ్రీన్‌ఫించ్ అనే పక్షులకు గొంతులో వాపు వచ్చి, మింగలేక చనిపోవటం గమనించారు. కంటికి కనిపించని ఒక ఏకకణ జీవి దానికి కారణం. ఒక పిట్ట ఎంగిలి తగిలిన తిండినుంచీ నీటినుంచీ అది మరో పిట్టకు అంటుతుంది. ఎక్కడెక్కడి పిట్టలో ఒకే బుట్ట దగ్గర గుమిగూడితే జబ్బుకూ అదే సంత! ఆ పక్షులు ఎంతగా తగ్గిపోయాయంటే, 2021లో వాటిని బ్రిటనులో అతి జాగ్రత్తగా కాపాడవలసిన పక్షుల ఎర్రపట్టీలో చేర్చారు. కనుక బుట్టను వారానికొకసారైనా కడిగి, బాగా ఆరబెట్టాలి. నీళ్ళు రోజూ మార్చాలి. జబ్బు పిట్ట కనిపిస్తే కొన్నాళ్ళు మేత పెట్టటం మానేయాలి. ఆ తరవాత మీ చేతులు కడుక్కోవటం మరిచిపోకండి.

మన దేశంలో అంత చలి లేదు. పురుగులూ, గింజలూ, పండ్లూ ఏడాది పొడుగునా ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటాయి. కనుక మన పిట్టలకు పప్పు పెట్టకపోతే ప్రాణం మీదికి రాదు. మన ఊళ్ళలో పిచ్చుకలకోసం వరికంకులు కుచ్చులుగా అల్లి చూరుకు కట్టే అలవాటు ఉన్నది. అది చాలా మంచి పద్ధతి. పొట్టుతో ఎండిన గింజ త్వరగా బూజుపట్టదు. గొంతుకు అడ్డుపడేటంత పెద్దదీ కాదు. ఎండాకాలంలో మట్టిమూకుడులో నీళ్ళు పెడితే మరీ మంచిది.

ఇంట్లో డబ్బా అడుగున పాతబడిన పప్పులు కనిపిస్తే, “పారెయ్యటం దేనికి, పిట్టలకు వేద్దాం” అనటం మనకు అలవాటు. అందులో దయే ఉన్నది, నిజమే. కాని ఆ పప్పు మంచిదో చెడ్డదో చూసుకునే తెలివి మనకున్నది, పిట్టకు లేదు. మనం పెట్టినదాన్ని అది నమ్మి తింటుంది. తిని జబ్బుపడితే ఏ కొమ్మ చాటునో చచ్చిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు.

అందుచేత ఒక్క చిన్న పరీక్ష చాలు. పిట్టకు పెట్టబోయే పప్పును చేతిలోకి తీసుకుని, “ఇది నేను తింటానా?” అని అడగండి. తిననంటే అది పిట్టకూ వద్దు, ఆవుకూ వద్దు. ఇవాళే మీ అమ్మగారిని అడిగి వేరుశనగ డబ్బా దించండి. పప్పులు పళ్ళెంలో పోసి ఒక్కొక్కటీ చూడండి. ఎన్ని మంచివో, ఎన్ని ఏరవలసినవో లెక్కపెట్టండి. ఆ ఏరటం పిట్టకే కాదు, మీకూ మేలు చేస్తుంది.