మీ డెస్క్‌టాప్‌కు తెలుగు వచ్చా?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. కర్నూలు, కడప ఇళ్ళల్లో విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లు బోలెడు. వాటికి లినక్స్ వేద్దామనుకునే ప్రతివాళ్ళూ నన్ను అడిగేది ఒకటే: గ్నోమా, కేడీఈనా?

అడిగేవాళ్ళు చూసేదేంటంటే ప్యానెల్ పైనుందా కిందుందా, డార్క్ థీమ్ ఉందా, విండో మూస్తే వయ్యారంగా మూసుకుంటుందా. ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూడకుండా కొమ్ములకు పూసిన రంగు చూసినట్టుంది. తెలుగువాడు డెస్క్‌టాప్‌ను ఎంచుకోవాల్సింది అందులోని తెలుగును బట్టి అంటాను నేను.

"తెలుగు అన్నిట్లోనూ వస్తుంది కదా?" అంటారు. టైపు చేయడానికి వస్తుంది. ఒత్తులూ గుణింతాలూ రెండిట్లోనూ సరిగ్గానే కూర్చుంటాయి. పోతన, వేమన ఫాంట్లూ దొరుకుతాయి. నేనడిగేది మెనూల సంగతి. ఇంగ్లీషు చదవడం రాని మా అవ్వకు 'సెట్టింగ్స్' ఏ భాషలో కనబడుతుంది?

విండోస్‌కూ తెలుగు ముఖం ఉంది కదా అనొచ్చు. ఉంది, కానీ అందులో మాట నచ్చకపోతే మనం మార్చలేం. లినక్స్ డెస్క్‌టాప్‌ల చరిత్రంతా నచ్చక మార్చుకున్న చరిత్రే. కేడీఈ 1996లో మొదలైంది. దాని పునాదిగా ఉన్న క్యూటీ అప్పటికి పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదని 1997లో గ్నోమ్ మొదలుపెట్టారు. 2011లో గ్నోమ్ 3 రూపం మార్చేస్తే, గిట్టనివాళ్ళు పాత గ్నోమ్ 2 కోడు తీసుకుని వేరుకాపురం పెట్టారు. దాని పేరు మాటే. మనకు తగిన పేరే!

మాటలకూ అదే హక్కు. గ్నోమ్ తెలుగులో ఫైలును 'దస్త్రం' అన్నారు. భేషైన మాట, మా రెవెన్యూ ఆఫీసుల్లో తరాలుగా నలిగింది. ఫోల్డర్‌ను 'సంచయం' అన్నారు. ఎవరు పలుకుతారబ్బా అది? నచ్చలేదా, ఇంకో మాట పంపండి. ఆ తలుపు తీసే ఉంది.

దూరేవాళ్ళే లేరు. హైదరాబాదులో 'స్వేచ్ఛ' వాళ్ళు తెలుగు ఆపరేటింగ్ సిస్టమే తయారుచేశారు. గ్నోమ్, కేడీఈ అనువాదాలను కొద్దిమంది స్వచ్ఛందంగా మోశారు. మనమేమో తెలుగు చచ్చిపోతోందని వ్యాసాలు రాస్తాం. కడపలో సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్రాలకు నకళ్ళు రాయించిన బ్రౌన్ దొర పేరిట ఉన్న లైబ్రరీకి పోయి ఫోటో దిగి వస్తాం. ఒక్క మెనూ మాటైనా అనువదించామా?

డీటీపీ షాపులకు నేనీ మాట చెప్పను. అను ఫాంట్లూ, పేజ్‌మేకరూ వదిలి వాళ్ళు ఇప్పుడిప్పుడే రాలేరు. మిగతావాళ్ళకు నా సలహా ఇది. 4 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటరైతే మాటే గానీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ వేసుకోండి. కొత్తదైతే గ్నోమైనా కేడీఈ అయినా పర్లేదు. ఏది వేసినా ముందు తెలుగు భాషా ప్యాకు ఎక్కించి, భాష మార్చి, మెనూలన్నీ తెరిచి చూడండి. చాలాచోట్ల ఇంగ్లీషే మిగిలి ఉంటుంది.

అది చూసి ఇంగ్లీషుకు తిరిగి మార్చుకుంటే మీ ఇష్టం. సాహిత్యం చదివేవాళ్ళం, మాట విలువ తెలిసినవాళ్ళం అని చెప్పుకునే మనకు మాత్రం అక్కడే పని మొదలవుతుంది. 'సంచయం' బదులు మీరేమంటారో చెప్పండి చూద్దాం.