పరుగునకు సైకిలు తోడు

పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్ళు త్రాగుట మేలని మన సామెత. ఏటేట ఆగస్టు నెలలో ఒక ఆదివారమునాడు, తెల్లవారకముందే హుస్సేన్ సాగరు ఒడ్డున నెక్లెస్ రోడ్డుమీద గుమిగూడు వేలాదిమంది ఈ సామెతను మన్నింపరు. వారికి పాలతో పని లేదు, పరుగే కావలెను. దారిలో నీళ్ళ బల్లలయొద్ద క్షణకాలము నిలబడుదురు గనుక సామెతలో సగము నిలిచినదనవచ్చును. 2025లో ఈ హైదరాబాదు మారథాన్ ఆగస్టు 24వ తేదీన జరిగినది. 42.195 కిలోమీటర్ల దూరము 1908 నాటి లండన్ ఒలింపిక్ క్రీడలలో పుట్టి, 1921లో లోకమంతటికి ప్రమాణమైనది. మన నగరపు దారి సమతలము కాదు. ఒక ఫ్లైఓవరు దిగిన కాలు మరియొకదాని నెక్కవలసినదే. వానకాలపు ఉక్క దీనికి అదనము.

దీనికి సిద్ధమగువారు వేసవినుండియే సాధన మొదలిడుదురు. సికింద్రాబాదులో పెరేడు మైదానపు పరిసరములందును, కంటోన్మెంటు చెట్ల నీడలందును చీకటితో లేచి పరుగెత్తువారు ఇప్పుడు వింతగా కనబడరు. వారిలో ఉత్సాహవంతులు ప్రతిదినము పరుగెత్తుదురు. కొన్ని వారములు గడచునప్పటికి మోకాలో, మడమయో, ముంగాలి యెముకయో మొరపెట్టును.

కారణము స్పష్టమే. పరుగులో ప్రతి అడుగునను కాలికి తగులు తాకిడి శరీరపు బరువునకు రెండు మూడు రెట్లుండును. నిండు మారథానులో అట్టి అడుగులు నలుబదివేల వరకు పడును. గుండెయు ఊపిరితిత్తులును కొలది వారములలోనే సాధనకు లొంగును. ఎముకలును వానిని కండరములతో బంధించు స్నాయువులును నెలల తరబడి గాని గట్టిపడవు. దమ్మున్నది గదా యని కాలిని తరిమి చాలమంది దెబ్బ తినుచున్నారు. ఈ ఎడమును పూడ్చుటకు సైకిలు పనికివచ్చును. తొక్కువాని బరువును సీటు మోయును గనుక గుండెకు పని యుండును, మడమకు తాకిడి యుండదు. వారములో ఒక దినము, మహా అయినచో రెండు దినములు పరుగునకు మారుగా వేరు వ్యాయామము చేయుటను శిక్షకులు క్రాస్ ట్రైనింగ్ అందురు. రైతు దీనినే పంట మార్పిడి యనును.

అయితే సైకిలు చేయలేని పనియు ఒకటి కలదు. నేల తాకిడికి ఎముక అలవాటు పడుట నేలమీదనే జరుగవలెను. వారాంతపు దీర్ఘమైన పరుగును మాని, నూరు కిలోమీటర్లు తొక్కి వచ్చితిమని మురియువారు మారథానులో ముప్పదవ కిలోమీటరు దాటిన పిదప తమ లెక్క తప్పినదని గ్రహింతురు. సీటు ఎత్తు సరిగా నుండవలెననియు, బరువైన గేరులో మోకాళ్ళను నొక్కిపెట్టక తేలిక గేరులో చురుకుగా త్రిప్పవలెననియు సైకిలు షాపువాడే చెప్పును.

ఇక మిత్రుని మాట. ఒంటరిగా తొక్కువాడు తనకు తెలియకయే వేగము హెచ్చించును. విశ్రాంతికై ఏర్పరచిన దినము పందెముగా మారి, మరునాటి పరుగునకు కాళ్ళు సీసపుగుండ్లగును. ప్రక్కన ఒక మిత్రుడున్నచో మాటలు సాగును. ఆ మాటయే కొలబద్ద. పూర్తి వాక్యము తడబడక చెప్పగలిగినంత వేగమే ఆ దినమునకు తగిన వేగము. తెలుగు వాక్యములో క్రియ చివర వచ్చును గనుక ఈ పరీక్ష మనకు కొంచెము కఠినము. కర్తను పలికి, విశేషణములన్నియు పేర్చి, క్రియ చేరకముందే ఊపిరి తెగినవాడు తక్షణము వేగము తగ్గించుకొనవలెను.

పందెములో మాట వేరు. 1952లో హెల్సింకీ ఒలింపిక్ మారథానులో చెకొస్లొవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ తన ప్రక్కన పరుగెత్తుచున్న ఆంగ్లేయుడు జిమ్ పీటర్సును, ఈ వేగము సరిపోవునా యని అడిగెననియు, చాలదని అతడు బదులు చెప్పెననియు ఒక కథ ప్రసిద్ధము. జాటోపెక్ ఆ మాటను నమ్మి వేగము హెచ్చించెను. పీటర్సు దారిలోనే కూలబడెను; జాటోపెక్ అదివరకే గెలిచిన 5,000, 10,000 మీటర్ల పందెములతోపాటు దీనిని కూడ గెలిచెను. ప్రత్యర్థి మాటలో ఎత్తుగడ యుండును. మిత్రుని ఆయాసము అబద్ధమాడదు.

సమానబలము లేనివారికి పరుగులో చెలిమి కష్టము. పది నిమిషములలో ఒకడు మలుపు దాటును, రెండవవాడు రొప్పుచు మిగులును. సైకిలుమీద ఈ భేదము చాలవరకు అణగును. బలవంతుడు గాలికి ఎదురొడ్డి ముందు సాగగా రెండవవాడు వెనుక కొంత శ్రమ తప్పించుకొనును. ఏడడుగులు కలిసి నడిచినచో సఖ్యము కలుగునన్నారు పూర్వులు. పెడలు త్రొక్కులకు లెక్క వారు చెప్పలేదు.

ఉపాధ్యాయులు ఇచ్చట ఒక విషయము గమనింపవలెను. పదునెనిమిదేండ్లు నిండని విద్యార్థికి నిండు మారథాన్ తగదు. అయిదు, పది కిలోమీటర్లే చాలును. కాని దమ్ము, ఓపిక, తోడివానికొరకు ఆగు గుణము ఆ వయస్సుననే ఏర్పడును. ఆటల గంటను లెక్కల పాఠమునకు అప్పగించు పాఠశాల వీనిని ఎప్పుడు నేర్పును? ఇద్దరు విద్యార్థులు రోజూ సైకిళ్ళమీద బడికి వచ్చినచో ప్రత్యేకమైన శిక్షణ లేకయే సగము పని జరుగును. వారి తలిదండ్రులు వలదనుట సైకిలుమీది అయిష్టముచేత కాదు, రోడ్డు భయముచేత.

ఆ భయము నిష్కారణము కాదు. మాటలాడుటకు ఇద్దరును ప్రక్కప్రక్కన పోవలెను. అట్లు పోవుటకు దారి కావలెను. వాహనములు తిరుగు రోడ్డులో ఒకరి వెనుక ఒకరు మౌనముగా పోవుటయే క్షేమము. 2023 అక్టోబరు 1వ తేదీన ఔటర్ రింగు రోడ్డు వెంబడి సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారిని ప్రారంభించిరి. మంచిపనియే. అది నగరమునకు పడమటి కొసనుండుటచే సికింద్రాబాదువాడు ఆ దారిలో సైకిలు ఎక్కుటకు ముందు కారెక్కవలెను.

1806లో సికిందర్ జా పేర ఏర్పడిన ఈ కంటోన్మెంటు నగరమునకు సహజమైన సైకిలు దారి ఉత్తరమున నున్నది. తిరుమలగిరి, అల్వాల్, బొల్లారము, హకీంపేట మీదుగా శామీర్‌పేట చెరువునకు సుమారు పాతిక కిలోమీటర్లు. పోయి వచ్చినచో మారథాన్ సాధకునికి ఒక ఉదయపు పని. ఆ రాజీవ్ రహదారిపైననే ప్యారడైజు కూడలినుండి శామీర్‌పేట వైపు ఎత్తైన వంతెన మార్గమునకు 2024 మార్చిలో శంకుస్థాపన జరిగినది. కార్లు పైకి పోయిన పిదప క్రింద మిగులు రోడ్డులో సైకిలునకు గట్టుతో వేరుపరచిన బాట నొకదానిని ఏర్పరచుట గొప్ప ఖర్చు కాదు. వంతెన పూర్తియై, క్రింది జాగా దుకాణములకును వాహనముల నిలుపుదలకును పోయిన తరువాత అడుగుటలో ఫలముండదు. కంటోన్మెంటు బోర్డువారును, రాష్ట్ర ప్రభుత్వమువారును ఇప్పుడే పటములు ముందు పెట్టుకొని ఆ బాటకు గీత గీయవలెను.